కల్లూరు చెరువు ఆల్చిప్ప కథ

ఖమ్మం జిల్లా కల్లూరు ప్రాంతానికి నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు అందుతుంది. అక్కడి ఒక చెరువు అడుగు బురదలో, రెండు చిప్పల నడుమ మెత్తని శరీరాన్ని దాచుకొని పెరిగిన మంచినీటి ఆల్చిప్పది ఈ కథ. జంతుశాస్త్రజ్ఞులు లామెల్లిడెన్స్ అని పేర్కొనే ఈ రకపు జీవి, పసితనంలో చేపల మొప్పలనో రెక్కలనో పట్టుకొని కొంతకాలం గడిపి, ఆ తరువాత బురదలోకి దిగి, నీటిని పీల్చి వడగట్టుకొన్న సూక్ష్మజీవులతో కడుపు నింపుకొంటుంది. చిప్ప సున్నపు పదార్థంతో పొరలు పొరలుగా ఏర్పడుతుందని చెబితే చాలు.

ఈ చిప్ప ఊళ్లో చేసిన కొలువు మాత్రం అంత తేలికగా దాటవేయదగినది కాదు. వీపును రాతిపై అరగదీసి కన్నం చేస్తే, దాని అంచు కత్తిలా పదునెక్కి, మాగాయ పెట్టే రోజుల్లో మామిడికాయల చెక్కు తీసేది. పాలగిన్నె అడుగున అంటిన గోకుడును ఒలిచి పిల్లల చేతిలో పెట్టేది. ఆ తరువాత స్టీలు పీలరు వచ్చింది. చిప్ప విరగలేదు, మొద్దుబారలేదు, ఎవరి వేలినీ కోయలేదు. అయినా వంటింటి గూట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి పెంటకుప్ప మీదికి చేరింది. పనిచేసినన్నాళ్లూ పేరు పెట్టి పిలిచిన ఇంటివారు, ఊడ్చి పారవేసేటప్పుడు దాన్ని చెత్త అన్నారు.

జపానులోని దాని దూరపు చుట్టాలది వేరే యోగం. అసారి అనే చిన్న సముద్రపు గుల్లలను ఉప్పునీటిలో, చీకట్లో ఉంచి ఇసుక కక్కించి, బియ్యాన్ని కోజి అనే బూజు సాయంతో పులియబెట్టి తీసిన సాకే మద్యాన్ని పోసి, అల్లం వేసి, మూతపెట్టి ఆవిరిపట్టి, ఉల్లికాడలు చల్లి, సోయా రసం కొద్దిగా చిలకరిస్తారు. ఈ వంటకం పేరు సకాముషి. వేడికి కండరం పట్టు సడలగానే, కీలు దగ్గరి సాగే బంధనం చిప్పలను విడదీస్తుంది కనుక గుల్లలు తామే నోరు తెరుస్తాయి. చిప్పలతో సహా వడ్డించడం అక్కడి మర్యాద. పెంటకుప్ప ఎక్కిన చిప్పకు ఇది కొంచెం అసూయ కలిగించే సంగతి. చెరువు ఆల్చిప్పలో సముద్రపు ఉప్పదనం లేదు, మాంసమూ గట్టిది. అందువల్ల ఈ పద్ధతిలో వండదలచినవారు సోయా రసాన్ని ఒకింత ధారాళంగా పోయవలసి ఉంటుంది.

గుల్లల రుచికి ఒక ముఖ్య ఆధారం వాటిలోని సక్సినిక్ ఆమ్లం. సాకేలోనూ అదే ఆమ్లం ఉండటం వల్ల ఆ రెండింటికీ పొత్తు కుదురుతుంది. వైన్ సంగతిలో మాత్రం జాగ్రత్త కావాలి: జపాను పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వైన్‌లో ఇనుము ఎక్కువైతే గుల్ల మాంసం తిన్న నోట్లో నీచు వాసన మిగులుతుంది. ఎర్ర వైన్లలో ఇనుము ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కనుక, షాబ్లీ, మ్యూస్కదే వంటి పుల్లని తెల్ల వైన్లే నయం. కల్లూరువారికి ఇవేవీ దొరకనప్పుడు, తెల్లవారుజామున దించిన తీపి తాటికల్లు కంటె, ఎండ పొడ తగిలి కాస్త పులిసిన కల్లే ఆవిరిపట్టిన మాంసానికి తగినదని ఈ ఆల్చిప్ప తీర్పు.

వండే ముందు, తెరిచి ఉన్న చిప్పను వేలితో తట్టినా మూసుకోకపోతే దాన్ని పక్కన పెట్టాలి. పురుగుమందుల నీరు, మురుగు చేరే చెరువులోని ఆల్చిప్పలను అసలే ఏరుకోరాదు. నీటిని వడగట్టి బతికే ఈ జీవి విషలోహాలను ఒంట్లో నిలవచేసుకొంటుంది, ఆవిరి సూక్ష్మజీవులను చంపుతుందే గాని లోహాలను తొలగించలేదు.