దిగిపోయినా కర్చీఫ్ తీయడు

ఆర్టీసీ బస్సు స్టాండులో ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. మెయిన్‌ఫ్రేమ్‌లో ఇదే విద్యకు స్టోరేజ్ అలకేషన్ అని పేరు. తేడా ఒక్కటే. మన బస్సులో మనిషి దిగితే కర్చీఫూ దిగుతుంది. అక్కడి డేటాబేస్ డీబీ2లో మనిషి దిగినా కర్చీఫ్ అక్కడే ఉంటుంది. ఆ సీటు ఇక ఆ ఇంటివాళ్లదే. పరాయివాడు నిలబడి రావలసిందే.

ఈ సంగతి తెలియని పెద్దమనుషులు ఏటా మార్చి నెలలో ‘పర్జ్’ ఉత్సవం జరుపుతారు. ఏడేళ్లు దాటిన రికార్డులన్నీ తీసెయ్యండి, డిస్క్ ఖర్చు సగానికి దిగాలి అని హుకుం. రాత్రికి రాత్రే జాబ్ నడుస్తుంది, కోట్ల వరసలు ఎగిరిపోతాయి, రిటర్న్ కోడ్ సున్నా. పొద్దున్నే మీటింగులో ఆకుపచ్చ బాణం ఒకటి నేల చూపులు చూస్తుంటుంది, చప్పట్లు మోగుతాయి. ఆ బాణం గీసిన మహానుభావుడు ఒక్కసారి డేటాసెట్ల కొలతలు చూపే లిస్ట్‌క్యాట్ కమాండ్ కొట్టి చూసి ఉంటే బాగుండేది. డేటాసెట్ పరిమాణం నిన్నెంతో ఇవాళా అంతే. ఒక్క ట్రాక్ కూడా తగ్గలేదు.

తగ్గడానికి అదేమన్నా బెలూనా? టేబుల్‌స్పేస్ అడుగున ఉండేది వీసామ్ లీనియర్ డేటాసెట్. ముందు ప్రైమరీ అని ఓ ముక్క తీసుకుంటుంది. అది నిండితే సెకండరీ అని ఇంకో ముక్క, మరో ముక్క. ఎక్స్‌టెంట్లుగా పెరగడమే దానికి తెలుసు. డిలీట్ చేసేదల్లా పేజీ లోపలి పని: వరసను చెరిపి, ఇక్కడ చోటుంది అని లెక్క రాసుకోవడం. ఆ చోటు రేపు అదే టేబుల్‌స్పేస్‌లోకి వచ్చే కొత్త వరసలకు. పక్క అప్లికేషన్‌కు అందులో జానెడు కూడా దక్కదు.

పైగా ఎదురు ఖర్చు. రోల్‌బ్యాక్ వస్తే తిరిగి పెట్టాలి కదా అని, చెరిపే ప్రతి వరసనూ లాగ్‌లో దాస్తుంది. చెత్త పారబోసే ముందు చెత్తకు ఫొటోలు తీయించి ఆల్బమ్ కట్టించడం అన్నమాట. ఇండెక్సుల సొగసు మరీనూ. వరస పోయినా దాని ఎంట్రీ వెంటనే పోదు, ‘సూడో డిలీటెడ్’ అని గుర్తు పెట్టి వదిలేస్తారు. ఓటర్ల జాబితాలో స్వర్గస్థుడైన తాతయ్య లాగా, మనిషి లేడు, పేరుంది. వీటిని తనంతట తానే ఊడ్చుకునే బుద్ధి డీబీ2కు 11వ వెర్షన్‌తో, అంటే 2013లో గానీ పుట్టలేదు.

టేబుల్ మొత్తాన్ని ఒక్క దెబ్బతో ఖాళీ చేసే ట్రంకేట్ 2007లో 9వ వెర్షన్‌తో వచ్చింది. దానికి ‘డ్రాప్ స్టోరేజ్’ అని ఓ తోక. పేరు వింటే ప్రాణం లేచొస్తుంది. మాన్యువల్ తెరిస్తే, వదిలిన చోటు మళ్లీ ఆ టేబుల్‌స్పేస్‌లోని టేబుళ్లకే అని ఉంటుంది. ఆస్తి దానం చేశానని ఊరంతా దండోరా వేయించి, పెద్దకొడుకు పేరు మీది పొలాన్ని చిన్నకొడుకు పేరు మీదికి మార్చినట్టుంది.

పాతవాళ్లు ఇంకా ఘటికులు. అపోలో కార్యక్రమం కోసం పుట్టిన ఐఎంఎస్ డేటాబేస్‌లో, హైసామ్ పద్ధతిలో, డిలీట్ అంటే సెగ్మెంట్ ముందున్న బైట్‌లో ‘పోయాడు’ అని ఓ గుర్తు. శవం అక్కడే. వీసామ్‌లో ఈఎస్‌డీఎస్ రకం ఫైలైతే చెరపడమే కుదరదు పొమ్మంటుంది. కేఎస్‌డీఎస్ చెరుపుతుంది గానీ, తేదీతో మొదలయ్యే కీలున్న ఫైలును చూడండి: ముందు వైపు ఖాళీ గదులు, వెనక వైపు కొత్త గదుల నిర్మాణం. ఖాళీ అయిన కంట్రోల్ ఏరియాలను వెనక్కి తీసుకోవచ్చన్న ఆలోచన 2010లో జడ్ ఓఎస్ 1.12తో అమలైంది.

వై2కే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చి విమానమెక్కిన మనవాళ్లకు ఇదంతా కంఠతా. అందుకే పర్జ్ అనగానే వాళ్లు చప్పట్లు కొట్టరు. ‘రీఆర్గ్ ఎప్పుడు సార్?’ అంటారు. సారుకు నచ్చని ప్రశ్న అదే. రీఆర్గ్ అంటే మిగిలిన వరసలను కొత్తగా సర్ది కట్టడం. ఆన్‌లైన్‌లో చేయాలంటే షాడో డేటాసెట్ కట్టాలి, ఇమేజ్ కాపీ తీయాలి. చోటు ఖాళీ చేయడానికి ముందు ఇంకొంత చోటు అడగాలి! అది ఇచ్చి, రీఆర్గ్ నడిపినా, ఏ కాలంలోనో ఓ ఉదారుడు ప్రైమరీ కొలత కొండంత రాసి పోయి ఉంటే, అది మార్చేదాకా కొత్త డేటాసెట్టూ కొండంతే పుడుతుంది.

అన్నిటికన్నా గొప్ప వేళాకోళం ఇంకోటుంది. ఒక పార్టిషన్‌ను నిజంగా ఖాళీ చేయాలంటే అనుభవజ్ఞులు డిలీట్ జోలికే పోరు. ఇన్‌పుట్‌గా డమ్మీ అనే ఖాళీ ఫైలు పెట్టి లోడ్ రీప్లేస్ నడుపుతారు. అందులో రీయూజ్ అనే మాట చేర్చకపోతే, డీబీ2 తాను చూసుకునే డేటాసెట్‌ను తీసేసి మళ్లీ చిన్నదిగా కడుతుంది. తీసెయ్యమంటే వదలని చోటును, శూన్యాన్ని నింపమంటే వదులుతుంది.

కాబట్టి సారూ, వచ్చే మార్చిలో ఆకుపచ్చ బాణం గీసే ముందు, ప్రైమరీ కొలత ఒకసారి చూపించండి. ఒక ఆదివారం రాత్రి రీఆర్గ్‌కు ఇప్పించండి.