సైకిలెక్కేదెవరు?

గోవా ఐరన్‌మ్యాన్ 70.3 పందెంలో 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈది, 90 కిలోమీటర్లు సైకిలు తొక్కి, 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. 2024లో బెంగళూరు దక్షిణ ఎంపీ తేజస్వీ సూర్య ఆ పని చేసి చూపించారు.

మా సింహాద్రిపురంలో మాత్రం సరంజామాకేం కొదవ? ఈతకు పైడిపాళెం రిజర్వాయరుంది, పరుగుకు చీనీతోటల దారులున్నాయి. నాయకులకైతే సాధనే అక్కర్లేదు. ఎన్నికలొస్తే వాళ్లది ఊరూరా పరుగే (గెలిచినాక వాళ్ల వెనకాల మనది). పైగా ఈ పందెంలో నడుమ బట్టలు మార్చుకునే సమయాన్నీ లెక్కగడతారు. కండువా మార్చడంలో మనోళ్లను కొట్టేవాళ్లేరీ?

చిక్కల్లా ఆ 90 కిలోమీటర్ల దగ్గరే. మా పులివెందుల నియోజకవర్గంలో సైకిలెక్కమంటే కొందరు కొట్టడానికొస్తారు. ఎక్కేవాళ్లేమో, ఈదొచ్చిన తడి ఆరాలన్నా ఫ్యాను కింద కూచోరు!