షార్ట్‌కట్ సారు

ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. తల్లిదండ్రులకు ‘ఫిజిక్స్ సారు’, పిల్లలకు ‘షార్ట్‌కట్ సారు’. విజయవాడలో ఉంటాడు, గుంటూరులో ఉంటాడు, తిరుపతిలో ఉంటాడు. హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో అయితే సందుకొకడు. ఇన్‌షర్టు, జేబులో నలుపు మార్కరొకటి, ఎరుపు మార్కరొకటి, మెడలో మైకు, చేతిలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు. గొంతు ఎప్పుడో పోయింది. మిగిలిన కాస్తా మైకు దయవల్ల నడుస్తోంది. ఏటా వేసవిలో ఒక కాలేజీ మానేసి ఇంకో కాలేజీలో చేరతాడు. ఆ సంగతి ఆయన భార్య కంటే ముందు బస్టాండు దగ్గర ఫ్లెక్సీకి తెలుస్తుంది.

ఆయన్ని చూడాలంటే డోలనాల పాఠం రోజునే చూడాలి. మిగతా పాఠాల్లో మామూలు మనిషే. గతిశాస్త్రం చెప్పేటప్పుడు కాస్త ఓపికగా ఉంటాడు, ఉష్ణగతికశాస్త్రం చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉంటాడు. డోలనాల దగ్గరికొస్తే మాత్రం విశ్వరూపమే.

గుమ్మంలోనే మొదలుపెడతాడు. “డోలనాలు. ఐపీఈలో ఎనిమిది మార్కుల ప్రశ్న. ఎంసెట్‌లో ఒకటో రెండో బిట్లు. హెడ్డింగ్ పెట్టుకోండి.” ఐపీఈ అంటే ఇంటర్ బోర్డు పరీక్ష. ప్రవేశ పరీక్ష ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయి ఏళ్లు గడిచాయి గానీ ఆయన నోట్లో ఇంకా ఎంసెట్టే. కుర్చీ చేరేలోపు నిర్వచనం కూడా అయిపోతుంది: “త్వరణం స్థానభ్రంశానికి అనులోమానుపాతంలో ఉండి, ఎల్లప్పుడూ మాధ్య స్థానం వైపు పనిచేసే చలనమే సరళ హరాత్మక చలనం, ఇది రెండు మార్కులు, అండర్‌లైన్.” ఊపిరి ఒక్కటే. వెనక బెంచీల వాళ్లు ‘అండర్‌లైన్’ అన్న మాట కూడా నిర్వచనంలో కలిపి రాసుకుంటారు.

నిజానికి అధ్యాయం మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. వస్తువు మధ్య నుంచి ఎంత దూరం జరిగితే వెనక్కి లాగే బలం అంత పెరగాలి. ఆ లాగుడు ఎప్పుడూ మధ్యకే ఉండాలి. అది స్ప్రింగు కావచ్చు, లోలకం కావచ్చు, యు ఆకారపు గొట్టంలో ఊగే నీరు కావచ్చు. ఈ రెండు షరతులూ కుదిరాయో లేదో చూసి, బలాన్ని ద్రవ్యరాశితో భాగించి, ఎదురుగా నిలిచిన గుణకానికి వర్గమూలం తీస్తే కోణీయ పౌనఃపున్యం వస్తుంది. దాన్నుంచి ఆవర్తన కాలం. అంతకు మించి చెయ్యాల్సింది పెద్దగా లేదు. సారు మాత్రం ఈ ఒక్క వాక్యాన్ని డెబ్భై రెండు షార్ట్‌కట్లుగా కొట్టి, నంబర్లు వేసి, పసుప్పచ్చ అట్ట వేసి ‘మెటీరియల్’ అని పేరు పెట్టాడు. నలభై ఒకటో షార్ట్‌కట్టూ నలభై ఏడో షార్ట్‌కట్టూ ఒకటే. ఆ సంగతి పిల్లలకు తెలియదు. ఆయనకు తెలుసు, చెప్పడు.

మొదటి బెంచీలో ఒక అమ్మాయి ఉంటుంది, ప్రతి సెక్షన్‌లోనూ. “సార్, త్వరణం సూత్రంలో మైనస్ ఎందుకు సార్?”

“ఆప్షన్లలో మైనస్ ఉందా అమ్మా?”

“లేదు సార్.”

“మరి?”

క్లాసంతా నవ్వుతుంది. అమ్మాయి కూర్చుంటుంది. ఆ మైనస్ గనక లేకపోతే మధ్య నుంచి కదిలిన వస్తువు మళ్లీ వెనక్కి రాదు. పక్కకు జరిగినకొద్దీ ఇంకా పక్కకే నెట్టుకుపోతుంది. ఊయల మీద పిల్లను మెల్లిగా ఒక్క తోపు తోస్తే పక్క జిల్లాలో దించుకోవాలి. ఊగడమన్నదంతా ఆ చిన్న గీత చలవే. సారు దాన్ని డస్టర్‌తో తుడిచేసి, “మాగ్నిట్యూడ్ చాలు” అంటాడు.

ఆయన కిరీటంలో కలికితురాయి నాలుగో షార్ట్‌కట్. కణం మాధ్య స్థానం నుంచి కంపన పరిమితిలో సగం దూరం పోవడానికి పట్టే కాలం ఆవర్తన కాలంలో పన్నెండో వంతు. మిగతా సగం దూరానికి ఆరో వంతు. “టీ బై ట్వెల్వ్, టీ బై సిక్స్!” అని ఆయన ఒక చెయ్యి ఎత్తితే నూట ఇరవై మంది అందుకుంటారు. పక్క గదిలో కెమిస్ట్రీ మేడమ్ పాఠం ఆపి తలుపేసుకుంటుంది. సగం దూరానికీ మిగతా సగం దూరానికీ సమానమైన కాలం ఎందుకు పట్టదన్న అనుమానం ఆ హోరులో ఎవరికీ రాదు. వచ్చినా వినబడదు.

ఇక్కడే ఒక చోద్యం ఉంది. వారంలో మూడు రోజులు సారు ఐపీఈ పాఠం చెప్తాడు. అందులో ఎనిమిది మార్కుల వ్యాసం ఒకటి: వృత్తం మీద సమవడితో తిరిగే కణానికి వ్యాసం మీద పడే విక్షేపం సరళ హరాత్మక చలనం చేస్తుందని చూపండి. పిల్లలు దాన్ని పటంతో సహా బట్టీ పడతారు. నిద్రలో లేపి అడిగినా పి నుంచి లంబం గీస్తారు. మిగతా మూడు రోజులు ఎంసెట్ పాఠం. అందులో టీ బై ట్వెల్వ్. ఆ వ్యాసంలోని బొమ్మే తీసి, వృత్తం మీద కణాన్ని ముప్ఫై డిగ్రీలు తిప్పి చూడండి. ముప్ఫై డిగ్రీల సైన్ విలువ సగం కాబట్టి విక్షేపం సరిగ్గా సగం దూరంలో ఉంటుంది. మూడు వందల అరవైలో ముప్ఫై అంటే పన్నెండో వంతు. మిగిలిన అరవై డిగ్రీలు ఆరో వంతు. షార్ట్‌కట్ అయిపోయింది! మధ్యలో కణం జోరుగా పోతుంది, కొసకు వచ్చేసరికి నెమ్మదిస్తుంది, అందుకే రెండో సగానికి రెట్టింపు కాలం పడుతుంది. ఈ రెండు సంగతులూ ఒకటేనని ఆ గదిలో ఎవరూ అనరు. ఎందుకంటే ఒకటి తెల్ల అట్ట నోట్సులో ఉంది, రెండోది పసుప్పచ్చ మెటీరియల్లో ఉంది. ఆ రెండు పుస్తకాలూ ఒకే సంచీలో పక్కపక్కనే రెండేళ్లు తిరిగి, ఒకరికొకరు పరిచయం కాకుండానే పాత పేపర్ల వాడికి వెళ్లిపోతాయి.

షార్ట్‌కట్లకు సైడ్ ఎఫెక్టులు ఉంటాయి. పందొమ్మిదో షార్ట్‌కట్: బోలు గోళం నిండా నీళ్లు పోసి లోలకంగా వేలాడదీసి, అడుగున చిల్లు పెడితే ఆవర్తన కాలం ఏమవుతుంది? “పెరిగి తగ్గును!” నీరు కారుతుంటే గురుత్వ కేంద్రం మొదట కిందికి దిగుతుంది, లోలకం పొడవు పెరిగినట్టే. పూర్తిగా ఖాళీ అయ్యేసరికి కేంద్రం మళ్లీ గోళం మధ్యకే వచ్చేస్తుంది. చక్కని ఆలోచన. కానీ పిల్లలకు మిగిలింది ‘పెరిగి తగ్గును’ అన్న మంత్రం మాత్రమే. ఆ వారం వీకెండ్ టెస్టులో ఊయల మీద కూర్చుని ఊగుతున్న అమ్మాయి లేచి నిలబడితే ఆవర్తన కాలం ఏమవుతుందని అడిగారు. సగం సెక్షన్ ‘పెరిగి తగ్గును’ దిద్దింది. ఆ అమ్మాయికి ఎక్కడ చిల్లు పడిందనుకున్నారో తెలియదు. లేచి నిలబడితే గురుత్వ కేంద్రం పైకి పోతుంది, పొడవు తగ్గినట్టు, కాలమూ తగ్గుతుంది. సారు కోపంతో ఊగిపోయి, ఊయలకు వేరే షార్ట్‌కట్ రాయించాడు. ఇరవయ్యో నంబరు అలా పుట్టింది.

అయినా ఆయన్ని ఊరికే ఆడిపోసుకోవడం అన్యాయం. ఆయన దగ్గర ఒక విద్య ఉంది, అది అసలు సిసలు భౌతికశాస్త్రం. పైకి త్వరణంతో పోతున్న లిఫ్టులో లోలకం ఆవర్తన కాలం అడిగారనుకోండి. “లెక్క చెయ్యొద్దు. ఆప్షన్లు చూడండి. లిఫ్టు త్వరణం సున్నా పెట్టండి. మామూలు సూత్రం రావాలి. రాని ఆప్షన్ కొట్టేయండి. ఇప్పుడు లిఫ్టు తాడు తెంపండి. లోలకం ఊగదు, కాలం అనంతం కావాలి. కానిది కొట్టేయండి. ఎన్ని మిగిలాయి? ఒకటి. దిద్దండి.” ఇరవై సెకండ్లు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తమ సమీకరణాలను సరిచూసుకునే పద్ధతీ ఇదే: కొసలకు తీసుకెళ్లి, అక్కడ తెలిసిన జవాబు వస్తుందో లేదో చూస్తారు. ఈయన దాన్ని ‘ఎలిమినేషన్ ట్రిక్’ అంటాడు, అదీ కాస్త సిగ్గుపడుతూ, దొంగపని నేర్పుతున్నట్టు. ఎంసెట్‌లో నూట అరవై బిట్లకు మూడు గంటలు, అందులో నలభై ఫిజిక్సు. తప్పుకు మార్కు కోయరు. ఆ లెక్కన ఆయన కంగారులో న్యాయం ఉంది.

ల్యాబులో మాత్రం న్యాయం లేదు. లఘులోలకం ప్రయోగం. దారం పొడవు మార్చుకుంటూ ఇరవై డోలనాలకు పట్టిన కాలం స్టాప్‌వాచ్‌తో చూసి, పొడవుకూ ఆవర్తన కాలం వర్గానికీ గ్రాఫు గీసి, గురుత్వ త్వరణం కనుక్కోవాలి. పిల్లలు ముందు రికార్డులో 980 అని జవాబు రాసి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ రీడింగుల దగ్గరికి వస్తారు. గ్రాఫు మీద చుక్కలన్నీ స్కేలు పెట్టి కొట్టినట్టు ఒక్క గీత మీదే. ఒకడెవడో అమాయకుడు నిజంగా ఊపి, నిజంగా లెక్కపెట్టి, 962 తెస్తాడు. “ఏం నాన్నా, మీ ఊళ్లో భూమి వేరా? రీడింగులు సరిచేసుకురా” అంటాడు సారు. 1672లో జాన్ రీషే అనే ఫ్రెంచి ఖగోళ పరిశోధకుడు దక్షిణ అమెరికాలోని కయెన్‌కు లోలకం గడియారం తీసుకెళ్తే, పారిస్‌లో సరిగ్గా నడిచిన ఆ గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. భూమధ్యరేఖ దగ్గర గురుత్వం కొంచెం తక్కువని అలా బయటపడింది, న్యూటన్‌కు అది పనికొచ్చింది. రీషే గనక మన సారు బ్యాచ్‌లో పడి ఉంటే రీడింగులు సరిచేసుకుని, ప్రాక్టికల్ మార్కులు పూర్తిగా తెచ్చుకుని, సుఖంగా ఉండేవాడు.

ఈ మనిషి ఇలా ఎందుకయ్యాడో కనుక్కోవడం కష్టం కాదు. గోడ మీద మైక్రో షెడ్యూల్ ఉంటుంది: డోలనాలకు ఆరు పీరియడ్లు, అందులో ఒకటి స్లిప్ టెస్టు. కారిడార్లో డీన్ ఉంటాడు, ఏ సెక్షన్‌లో ఎన్ని బిట్లు అయ్యాయో రాసుకుంటూ. ఫోన్లో తండ్రులు ఉంటారు: “సార్, మావాడికి ఫార్ములాలు నిలబడటం లేదండి, ఏమన్నా షార్ట్‌కట్లు...” మా అబ్బాయికి లోలకం అర్థమైందా అని అడిగిన తండ్రిని ఆయన తన సర్వీసులో చూసి ఉండడు. వీళ్లందరి మధ్యా ఆయన డెబ్భై రెండే రాశాడంటే నిగ్రహం ఉన్నవాడనే చెప్పాలి.

రాత్రి స్టడీ అవర్ ముగిశాక, తొమ్మిదిన్నరకు కాలేజీ ఎదుట టీ కొట్టు దగ్గర ఉంటాడు. మైకు ఉండదు. ఎప్పుడో విశాలాంధ్ర పుస్తకాల షాపులో కొన్న ఇరొదోవ్ ఫిజిక్స్ లెక్కల పుస్తకం గురించి ఎవరైనా కదిపితే కళ్లు మెరుస్తాయి. ఇప్పుడు అడగాలి: సార్, స్ప్రింగును సగానికి కోస్తే దాని స్థిరాంకం రెట్టింపు ఎందుకవుతుంది? కూర పొట్లానికున్న రబ్బరు బ్యాండు విప్పుతాడు. మధ్యలో పెన్నుతో చుక్క పెట్టి, రెండు చేతులా లాగుతాడు. “చూడు. మొత్తం నాలుగు వేళ్లు సాగింది. చుక్క దాకా ఎంత సాగింది? రెండు వేళ్లే. లాగుతున్న బలం రెండింటికీ ఒకటేగా. అదే బలానికి సగం సాగిందంటే రెట్టింపు గట్టిదనేగా అర్థం?” ఎవరో బెంచీ మీంచి లేచి దగ్గరికొస్తారు. ఆయన ఆగడు. లోలకం సూత్రంలో ద్రవ్యరాశి లేదు, స్ప్రింగు సూత్రంలో ఉంది, ఎందుకని తనే అడిగి తనే చెప్తాడు. లోలకంలో గుండు బరువెక్కితే కదలడానికి అంత మొరాయిస్తుంది, కానీ భూమి లాగుడు కూడా అంతే పెరుగుతుంది, రెండూ కొట్టుకుపోతాయి. స్ప్రింగు లాగుడుకు మాత్రం చివర ఏం కట్టారన్న పట్టింపు లేదు. బరువు ఎక్కువ కడితే మొరాయింపు పెరుగుతుంది, లాగుడు పెరగదు, అందుకే మెల్లిగా ఊగుతుంది. మైనస్ గుర్తు కథ కూడా చెప్తాడు, ఉదయం ఆ అమ్మాయిని కూర్చోబెట్టిన మనిషే. టీ చల్లారిపోతుంది. బ్రహ్మాండంగా చెప్తాడు, ఆ పావుగంటలో ఒక్క షార్ట్‌కట్ ఉండదు.

“ఇదంతా క్లాసులో చెప్పచ్చుగా సార్?”

“చెప్తే అర్థమవుతుంది నాన్నా. సిలబస్ అవదు.”

మీ ఇంట్లో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలుంటే, డోలనాల్లో వాళ్లకొచ్చిన ‘ఎందుకు’లన్నీ ఒక కాగితం మీద రాయించి ఉంచండి. క్లాసులో అడిగించకండి, ఆప్షన్లు చూపించి కూర్చోబెడతాడు. తొమ్మిదిన్నర దాటాక మీరే పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ టీ కొట్టు దగ్గరికి వెళ్లండి. ర్యాంకు సంగతి, ఫీజు సంగతి ఎత్తకండి, ఎత్తితే మళ్లీ మైకు గొంతు వచ్చేస్తుంది. టీ డబ్బులు మీరే ఇవ్వండి. మొదటిది ఎలాగూ చల్లారిపోతుంది కాబట్టి రెండోదానికి కూడా.