అన్నీ అప్‌లోనే ఉన్నాయట!

మా రోజుల్లో నెట్‌వర్క్ పడిపోతే ఎక్కడ పడిందో వేలు పెట్టి చూపించేవాళ్లం. నల్లటి కోయాక్సియల్ కేబుల్ ఒక్కటే, 185 మీటర్లకు మించకుండా గోడ వెంబడి పాకేది. ప్రతి మెషీన్ వెనకా ఒక టీ కనెక్టర్, రెండు కొసలా 50 ఓమ్‌ల టెర్మినేటర్. ఊడ్చే ఆవిడ చీపురు తగిలి ఒక్క టీ ఊడిందంటే ఆ కేబుల్ మీదున్న వాళ్లందరి పనీ ఆగేది. అదేం సుఖమని కాదు. కానీ బల్లల కింద దోగాడితే దొరికేది. ఇప్పుడు తీగ నిక్షేపంగా ఉంటుంది, లైటు పచ్చగా మినుకుమంటుంది, పని మాత్రం జరగదు. కుర్రాడు లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే "సార్, పోర్టులన్నీ అప్‌లోనే ఉన్నాయి" అంటాడు.

పోర్టు అప్‌లో ఉంటే సరిపోయిందా నాయనా? ట్రంక్ అంటే వియ్యాలవారి ఒప్పందం, రెండు వైపులా ఒకే మాట మీదుండాలి. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రకారం ఫ్రేముకి నాలుగు బైట్ల ట్యాగు తగిలిస్తారు. అందులో వీల్యాన్ నంబరుకి 12 బిట్లు, అంటే వాడుకోవడానికి 4094 నంబర్లు. ట్యాగు లేకుండా వచ్చిన ఫ్రేము నేటివ్ వీల్యాన్‌లో పడుతుంది. ఈ కొసన నేటివ్ 1, ఆ కొసన 99 పెట్టారనుకోండి, ఇక్కడి 1లో బయల్దేరింది అక్కడ 99లో దిగుతుంది. సిస్కో స్విచ్చయితే రెండు వైపులా కలవడం లేదని లాగ్‌లో మొత్తుకుంటూనే ఉంటుంది. వినేదెవరు?

ఇంకో ముచ్చట. ఉన్న ట్రంక్‌కి వీల్యాన్ 30 కలపాలి. కమాండ్‌లో "యాడ్" అన్న మాట వదిలేస్తారు. పాత జాబితా మొత్తం ఎగిరిపోయి 30 ఒక్కటే మిగులుతుంది. అవతలి స్విచ్ మేనేజ్‌మెంట్ వీల్యాన్ కూడా ఆ జాబితాలోదే అయితే దాని లాగిన్ కూడా పోతుంది. ఇక ఆ లేత నీలం కన్సోల్ కేబుల్ ఏ బీరువాలో ఉందోనని రాత్రంతా వెతుకులాట.

లూపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఐపీ ఫోన్ వెనక రెండు సాకెట్లుంటాయి కదా, ఖాళీగా ఎందుకని ఎవరో రెండింటినీ గోడకి గుచ్చేస్తారు. ఐపీ ప్యాకెట్‌కైతే టీటీఎల్ ఉంది, రూటర్లు దాటేకొద్దీ తగ్గి ఎక్కడో చస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకి ఆ చావు లేదు. ఒక్క బ్రాడ్‌కాస్ట్ తిరిగి తిరిగి, పిల్లల్ని పెట్టి, స్విచ్చుల ఊపిరి తీస్తుంది. ఇందుకేగా రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ 1985లో డెక్ కంపెనీలో స్పానింగ్ ట్రీ కనిపెట్టింది! అడ్డదారులు మూసి ఒక్క దారే తెరిచి ఉంచుతుంది. మనవాళ్లేమో తీగ గుచ్చాక ముప్ఫై సెకన్లు ఆగాలని విసుక్కుని దాన్నే ఆపేస్తారు. పోర్ట్‌ఫాస్ట్ పెట్టి, పక్కన బీపీడీయూ గార్డ్ పెట్టమంటే బద్ధకం.

స్పానింగ్ ట్రీ ఉన్నా, దాన్ని గుడ్డిగా నమ్మి నెట్‌వర్క్‌ని పెంచుకుంటూ పోకూడదు. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో స్పానింగ్ ట్రీ మోయగలిగినదానికి మించి నెట్‌వర్క్ పెరిగి కూలిపోయింది. రోజుల తరబడి కాగితాల మీదే ఆసుపత్రి నడిచింది.

మేం ప్రతి తీగకీ రెండు కొసలా చీటీ కట్టి, నోటుపుస్తకంలో రాసుకునేవాళ్లం. ఇప్పుడు "అవతలి కొసన ఏం పెట్టారు?" అని అడిగితే ఒకటే జవాబు: "అది వేరే టీమ్ చూసుకుంటుంది సార్, టికెట్ వేశాం."