మడతపూరీల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: మారిషస్ దీవి పడమటి ఒడ్డున ఫ్లిక్-ఆన్-ఫ్లాక్ అనే ఊళ్లో బస దిగిన ఒక తెలుగు కుటుంబం, మర్నాడు అద్దె కారులో సముద్రం వెంట తిరిగి రావాలని తలపెట్టింది. దారి తేల్చమని అడిగితే ఇంటికి పెద్దవారైన పెద్దమావయ్యగారు ఈ ఆటవెలదిని వాట్సాప్‌లో వదిలి నిద్రపోయారు. మిగతా భారం వ్యాఖ్యాత మీద పడింది.

తెల్లవారి లేచి తీరంబు వెంబడి
కారు నడిపి కడలి కనుల నింపి
మార్గమధ్యమందు మడత పూరీలను
తినుచు తిరిగి రండు దినములోనె

ప్రతిపదార్థం: తెల్లవారి = తెల్లవారగా; లేచి = అలారం మొదటిసారి మోగినప్పుడే లేచి; తీరంబు వెంబడి = ఒడ్డునే అంటిపెట్టుకుని; కారు నడిపి = ఎడమవైపే పోనిచ్చి; కడలి = సముద్రాన్ని; కనుల నింపి = ఫోనులో కాదు, కళ్లలోనే నింపుకొని; తక్కినది స్పష్టం అని కవి భ్రమ.

విశేషాలు: ‘తెల్లవారి’ దగ్గర శ్లేష ఉందనీ, తెల్లదొరల తీరమని కూడా అర్థం తీయాలనీ కొందరి వాదం. ‘లేచి’ అడ్డుపడుతోంది కనుక అన్వయం కుదరదు. చరిత్రలో మాత్రం బాగానే కుదురుతుంది. 1598లో డచ్చివారు ఈ దీవికి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1715లో ఫ్రెంచివారు ఆక్రమించారు, 1810లో ఇంగ్లీషువారు లాక్కున్నారు. ఫలితంగా ఊళ్ల పేర్లు ఫ్రెంచివి, రోడ్డు మీద నడక ఇంగ్లీషుది. మనలాగే ఎడమ పక్క, స్టీరింగు కుడివైపు. పేరు చదవడం వస్తే చాలు, నడపడం వచ్చినట్టే.

శంక: తీరం వెంబడి సరే, ఏ దిక్కుగా? దక్షిణం వైపు దిగాలా, చుట్టు తిరిగి రావాలా? కవి మౌనం వహించాడు. దీవి పొడవు అటూ ఇటుగా 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ఎటు పోయినా చేరతామని తోస్తుంది. తోచకూడదు.

సమాధానం: ప్రదక్షిణంగా, అంటే నేల కుడిచేతి వైపు ఉండేలా తిరగాలి. బండి ఎడమన నడుస్తుంది కాబట్టి అప్పుడు సముద్రం మన వరుస పక్కనే ఉంటుంది. నచ్చిన చోట రోడ్డు దాటకుండా పక్కకి తీసి ఆపవచ్చు. అప్రదక్షిణంగా పోతే సముద్రానికీ మనకూ మధ్య ఎదురు బళ్లు. జూన్ నుంచి డిసెంబరు దాకా చెరకు కోతల కాలం గనుక ఆ ఎదురు బళ్లలో చెరకు లారీలూ ఉంటాయి. లారీ వెనక సముద్రం ఉందని నమ్మి ముందుకు సాగాలి. కనుక పొద్దున్నే నడిమి పీఠభూమి మీదుగా, క్యూర్‌పిప్ చినుకుల్లోంచి, దక్షిణాన సుయాక్‌కు దిగడం, అక్కణ్ణించి తీరం పట్టుకుని పడమరగా, ఆ పైన ఉత్తరంగా రావడం శాస్త్రం. ఇందులో ఒక దోషం ఉంది. మధ్యాహ్నం దాటాక ఎండ నేరుగా డ్రైవరు కంట్లో పడుతుంది. చలువ కళ్లద్దాలు ప్రాయశ్చిత్తం.

‘కారు నడిపి కడలి కనుల నింపి’ అన్న పాదం పద్యానికి గుండెకాయ, తప్పు కూడా ఇక్కడే. ‘నడిపి’, ‘నింపి’ రెండూ క్త్వార్థకాలు. రెండింటికీ కర్త ఒక్కరే కావాలని వ్యాకరణం. నడిపేవాడే కడలిని కనుల నింపుకుంటే కారు ఎక్కడ నిండుతుందో వేరే చెప్పక్కరలేదు. నడిపి, ఆపి, ఆ తరువాత నింపి అని ఒక క్రియను అధ్యాహారం చేసుకోవాలి. పద్యంలో లేని ఆ ‘ఆపి’యే అసలు ప్రణాళిక. ఎంత దూరం పోతాం అన్నది కాదు, ఎక్కడెక్కడ ఆగుతాం అన్నది ముందు రాసుకోవాలి.

మొదటి ఆపు గ్రీ-గ్రీ. దీవిని దాదాపు చుట్టూ పగడపు దిబ్బ కాస్తుంది, అందుకే తక్కినచోట్ల ఒడ్డున నీళ్లు చెరువులా నిలిచి ఉంటాయి. ఇక్కడ దిబ్బ తెగింది. అలలు అడ్డు లేకుండా వచ్చి నల్లరాతి గట్టును మోదుతాయి. చూడవలసినదే, దిగవలసినది కాదు. రెండోది బే-దు-కాప్ దగ్గర మకొందే: రోడ్డు ఒక రాతి ముక్కును చుట్టి మెలిక తిరుగుతుంది, పక్కన మెట్లెక్కితే ఆ మెలికంతా కాళ్ల కింద కనిపిస్తుంది. మలుపులోనే బండి ఆపి ఫొటో తీసేవారిని వ్యాఖ్యాత సమర్థించడు.

మూడోది ల మోర్న్, 556 మీటర్ల కొండ. పారిపోయిన బానిసలు దీని మీద తలదాచుకున్నారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ వార్త చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వచ్చారనుకుని పైవాళ్లు కొండ మీంచి దూకేశారని అక్కడి జనం చెప్పుకుంటారు. 2008 నుంచి ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. ఇక్కడ ‘కడలి కనుల నింపి’ అన్నదానికి వేరే అర్థం వస్తుంది. కవి ఉద్దేశించి ఉండడు. బానిసలు పోయిన చెరకు తోటల్లోకి కూలి ఒప్పందాల మీద మనవాళ్లను తెచ్చారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడలెక్కినవాళ్లు వారిలో ఉన్నారు. ఉగాది నేటికీ ఈ దేశంలో సెలవు.

మడతపూరీ: దీన్ని అక్కడ ఢోల్ పూరీ అంటారు. బెల్లం మరిచిపోయిన బొబ్బట్టు అనుకోండి: లోపల ఉడికించి పొడి చేసిన శనగపప్పు, పైన చిక్కుడు గింజల కూర, టమాటా పచ్చడి, మిరపకారం. జంటగా ఇచ్చి కాగితంలో చుడతారు. ‘తినుచు’ శత్రర్థకం, తింటూ ఉండగానే నడక అని ధ్వని. డ్రైవరుకు ఇది వర్తించదు, కూర చొక్కా మీదికి జారుతుంది.

‘దినములోనె’: జూన్‌లో అయిదున్నర దాటిన కాసేపటికే పొద్దు గుంకుతుంది, డిసెంబరులో ఏడుకు కాస్త ముందు. ఉష్ణమండలంలో సందెవెలుగు ఎక్కువసేపు నిలవదు. కాబట్టి ల మోర్న్ నుంచి కదిలే గడియను ముందు ఖాయం చేసి, అక్కణ్ణించి వెనక్కి లెక్కగట్టాలి.

తాత్పర్యం: పెందలాడే లేవండి, అడ్డంగా దిగి ఒడ్డునే రండి, ఆగుతూ రండి, చీకటికి ఇల్లు చేరండి.

చివరి శంక: ‘రండు’ మధ్యమపురుష. కవి ‘వత్తము’ అనలేదు. అంటే తాను కారెక్కడం లేదు, బసలోనే పడుకుని ఉంటారు. ఇంతవరకూ ఎవరూ ఇది గమనించలేదు. ముందు సీటు, సముద్రం వైపు ఎడమ కిటికీది, పెద్దరికాన ఆయనదే అని అందరూ వదిలేసుకున్నారు. ఇప్పుడు అది ఖాళీ. అత్తయ్యగారు ఈ వ్యాఖ్య చదివి, రాత్రే వెళ్లి చేతిసంచీ అందులో పెట్టి వచ్చారు.