ఉద్యోగం ఒకటోసారి... రెండోసారి...

దీపిందర్ గోయల్ గారు 2024లో హైదరాబాద్ శివారు బాలాపూర్ వచ్చి వెళ్లారేమోనని నాకు అనుమానం. వస్తే గిస్తే గణేశ్ నవరాత్రుల్లోనే, అక్కడి లడ్డూ వేలంపాటకు వచ్చి ఉంటారు. లేకపోతే ఉద్యోగాన్ని పాటకు పెట్టాలన్న ఆలోచన ఎక్కడో గుర్‌గావ్‌లో కూర్చున్న అప్పటి జొమాటో అధిపతికి తట్టేది కాదు. ఆ నవంబరులో ఆయనకో చీఫ్ ఆఫ్ స్టాఫ్ కావాల్సి వచ్చిందిట. మొదటి ఏడాది జీతం సున్నా. పైపెచ్చు చేరేవాడే 20 లక్షలు కట్టాలి, ఆ సొమ్ము అన్నదానానికి పోతుంది. బదులుగా దక్కేది ఆయన సాన్నిధ్యం. పేరుమోసిన కాలేజీలో రెండేళ్ల మేనేజ్‌మెంట్ చదువు కన్నా పదిరెట్లు నేర్చుకోవచ్చని పూచీ కూడా ఆయనదే.

2024 సెప్టెంబరులో బాలాపూర్ లడ్డూ 30 లక్షల 1,000 రూపాయలు పలికింది. ఆ లెక్కన ఉద్యోగం చవకే. 1994లో అక్కడ మొదటి పాట 450 రూపాయలు. ముప్పయ్యేళ్లలో ఇంతలా పెరిగినవి నాకు తెలిసి హైదరాబాద్ శివారు భూములూ, ఈ లడ్డూనే. ఉద్యోగం పాట మొదలవడమే 20 లక్షల దగ్గర కాబట్టి, మన మనవళ్ల నాటికి ఎక్కడ తేలుతుందో ఊహించుకుని వాళ్ల పేరున ఇప్పుడే ఓ చిట్టీ వేసి పెట్టడం మంచిది.

ఇంత చక్కటి పద్ధతి ఒక్క కంపెనీతో ఆగిపోతే దేశానికి నష్టం. అందుకని నేనే ఒక యాప్‌కు రూపకల్పన చేశాను. పేరు ‘లడ్డూ’. చదువు ముగించుకుని ఖాళీగా ఉన్న పిల్లల్ని పెద్ద పెద్ద గురువులతో కలపడం దీని పని. మెంటార్‌షిప్, నెట్‌వర్కింగ్ అన్న మాటలు అక్కడక్కడా చల్లాను, పెట్టుబడి పెట్టేవాళ్లు అవి లేకపోతే వినరు. కోడ్ రాయడానికి అమీర్‌పేటలో ఇద్దరు కుర్రాళ్లు దొరికారు. జీతం ఎంతిస్తారని అడగలేదు పాపం, ఎంత కట్టాలని అడిగారు.

యాప్ తెరవగానే మార్కులు, ప్రాజెక్టులు గట్రా అడగదు. నాన్నగారి పట్టాదారు పాస్‌పుస్తకం ఫొటో అడుగుతుంది. సర్వే నంబరు కొడితే అర్హత తేలిపోతుంది. రోడ్డు పక్కన రెండెకరాలుంటే గురువుగారి పక్కనే కుర్చీ. లోపలి చెలకైతే తలుపు దగ్గర స్టూలు. బొత్తిగా భూమి లేనివాళ్లకు ‘మీలో గొప్ప సామర్థ్యం ఉంది’ అన్న మెసేజ్ వెళుతుంది. అది ఉచితం.

పాట ప్రతి శనివారం సాయంత్రం. తెర మీద మండపం, మండపంలో గురువుగారు, వెనక డప్పులు. ‘ఏడాది శిష్యరికం, జీతం లేదు, సెలవులు లేవు, సర్కారువారి పాట 20 లక్షలు!’ అనగానే పిల్లలు వేళ్లు నొక్కుతుంటారు. ఇరవై ఒకటి అని గుంటూరు నుంచి, ఇరవై రెండు అని కరీంనగర్ నుంచి. న్యూజెర్సీలో మేనమామ ఉన్నవాడు ఒకేసారి ఐదు పెంచుతాడు. ఒకటోసారి, రెండోసారి... మూడోసారి అనేలోగా ఓ తండ్రి బ్యాంకు మేనేజరుకు ఫోన్ చేసి బంగారం మీద గ్రాముకు ఎంతిస్తారో కనుక్కోవడానికి వీలుగా రెండు నిమిషాల విరామం పెట్టాం. ఆ విరామంలో బంగారు రుణాల ప్రకటన వస్తుంది. మా రాబడి అదే.

అంత లేనివాళ్లకు చిల్లర విభాగం ఉంది. 50 వేలకు గురువుగారితో లిఫ్టులో పన్నెండు అంతస్తుల ప్రయాణం, మాట్లాడితే అదనం. 500 రూపాయలకు ఆయన అందరికీ పంపే గుడ్ మార్నింగ్ సందేశం మీ పేరుతో. పాట తప్పిపోయినవాళ్లందరినీ ఒక గ్రూపులో వేస్తాం, దాన్నే నెట్‌వర్కింగ్ అంటారు. ఉద్యోగం లేని నాలుగు వేల మంది, ఉద్యోగం లేని మరో నాలుగు వేల మందిని ‘ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పు బ్రో’ అని అడుగుతూ ఉంటారు.

గెలిచినవాడి వైభవం వేరు. ఆఫర్ లెటర్ నెత్తిన పెట్టుకుని ఊరేగింపు. బాలాపూర్‌లో లడ్డూ దక్కినవాళ్లు బంధుమిత్రులకు పంచి, కాస్త పొలంలో చల్లుకుంటారు. మా యాప్‌లోనూ గురువాక్యాన్ని ఊరందరికీ పంచాలన్నది నిబంధన. ఆ వాక్యం ‘మార్కెట్ డల్‌గా ఉంది, స్కిల్స్ పెంచుకో’. పొలంలో చల్లితే ఏం మొలుస్తుందో వ్యవసాయ శాఖవారు చెప్పాలి.

ఇక నిమజ్జనం బటన్. ఇది లేకుండా ఏ కంపెనీ యాప్‌లో చేరనంది. గురువుగారు నొక్కగానే శిష్యుడి ల్యాప్‌టాప్ లాక్ అవుతుంది, గేటు దగ్గర కార్డు పనిచేయదు, మెయిల్‌లో ‘మీ సేవలకు కృతజ్ఞతలు’ అని వస్తుంది. ట్యాంక్‌బండ్ మీదైతే క్రేన్ ఉంటుంది, జనం జైకొడతారు, మళ్లీ ఏడాది రమ్మని పిలుస్తారు. ఇక్కడ అవేమీ లేవు. మర్నాడు అదే కుర్చీకి కొత్త పాట.

యాప్ సిద్ధమయ్యేలోగా గోయల్ గారు నీళ్లు చల్లారు. 20 లక్షలు ఉత్తుత్తిదేనట, సరైనవాళ్లను ఏరడానికి పెట్టిన ఫిల్టరేనట. అప్పటికే 18 వేల మందికి పైగా అర్జీ పెట్టేశారు.

ఫిల్టరా? ఎవరిని వడగట్టడానికి? ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేస్తే, అప్పుతెచ్చి కట్టి విడిపించుకున్న పిల్ల ఆ ప్రకటన మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. అది పరాచికమని ఆమెకెవరూ ముందుగా చెప్పలేదు. 2022లో ఇన్ఫోసిస్ ఆఫర్ అందుకున్న పిల్లలు కొందరు చేరమన్న కబురు కోసం 2024 దాకా ఎదురుచూశారు. 2024 ఆగస్టులో కాగ్నిజెంట్ మామూలు డిగ్రీవాళ్లకు ప్రకటించిన జీతం ఏడాదికి 2.52 లక్షలు. తినకుండా, అద్దె కట్టకుండా దాదాపు ఎనిమిదేళ్లు దాస్తే గోయల్ గారి పక్కన కూర్చోవచ్చు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో 2024లో కుర్రాడికి నెలకు ప్రకటించింది 5,000. అందులో దేశంలోని 500 అగ్రశ్రేణి కంపెనీల వాటా మనిషికి 500 రూపాయలు. ఆ 500 కూడా సామాజిక బాధ్యత పద్దులోంచి. వీళ్లకా గురువులూ, నెట్‌వర్కులూ లేక ఉద్యోగాలు రానిది?

మాదాపూర్‌లో ఓ గది అద్దెకు తీసుకుని, ఉద్యోగమిస్తానని పిల్లల దగ్గర తలా లక్షన్నర గుంజి బోర్డు తిప్పేసినవాడి మీద భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద చీటింగ్ కేసు పెడతారు. పెట్టాల్సిందే. రేపు వాడు కూడా ‘ఫిల్టర్ సార్’ అంటే పోలీసులేం జవాబు చెబుతారు? పెద్ద కంపెనీ అధిపతి నోటి నుంచి ఒకసారి ఈ మాట వచ్చాక, చిన్న కన్సల్టెన్సీలకు అదే ధర్మశాస్త్రం. పని చేయించుకునేవాడు జీతమివ్వాలన్న సంగతి కూడా తమాషా వస్తువైపోయింది.

వాళ్లంతట వాళ్లే ఎగబడి వచ్చారు కదా అంటారు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో పనిచేసిన కూలీల కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, తీరిక ఉన్నవారు చదువుకోవచ్చు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే. ఆకలీ పేదరికం తరిమితే వచ్చినవాడు ఇష్టపడి వచ్చినట్టు కాదని కూడా ఆ తీర్పులోనే ఉంది.