మానినవాణ్ని మళ్లీ తాగించే విధానం

ఊళ్లో ఒకడు తాగుడు మానేస్తే నలుగురికి ఇబ్బంది. దావత్‌లో బిల్లు పంచుకునే చెయ్యి ఒకటి తగ్గుతుంది. పొద్దుగూకితే పక్కన కూర్చునేవాడు ఉండడు. పైగా వాడు థమ్సప్ పట్టుకుని ఎదురుగా కూర్చుంటే మన గ్లాసు మనకే కనబడుతుంది. ఈ ఇబ్బంది తీర్చుకోవాలనుకునే బావలకు, బామ్మర్దులకు, దోస్తులకు, ఆ పని తెలియకుండానే చేసే ఇంటివాళ్లకు కూడా పనికొస్తాయని కొన్ని పద్ధతులు చెబుతాను. పాత వరంగల్ జిల్లా 2016 అక్టోబరు 11న ముక్కలైంది గానీ, ఈ విద్యలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇప్పటికీ ఒక్కటే జిల్లా.

ముందుగా, తాగుడంతా వాడి బుద్ధిలో ఉన్న లోపమేనని గట్టిగా నమ్మండి. మత్తు వ్యసనానికి చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మందికి తిరగబెడుతుందని, బీపీ, ఉబ్బసం రోగుల్లోనూ దాదాపు ఇంతేనని అమెరికా జాతీయ మాదకద్రవ్యాల పరిశోధన సంస్థ చెబుతుంది. ఇలాంటి లెక్కలు చెవిన పడనివ్వకండి. బీపీ తిరగబెడితే దవాఖానకు తీసుకుపోండి, తాగుడు తిరగబెడితే చెప్పు తీయండి.

రోజూ సాయంత్రం నోరు వాసన చూడండి. అంతకుమించి ఏమీ చూడకండి. ఎందుకంటే తాగుడు తిరగబెట్టడం గ్లాసు దగ్గర మొదలు కాదు, చాలాసార్లు అంతకు వారాల ముందే మొదలవుతుంది. నిద్ర పట్టదు. చిన్నమాటకు కోపం వస్తుంది. మందులు తీసుకోవడం, డాక్టరు దగ్గరికి పోవడం మెల్లగా మానేస్తాడు. పాత దోస్తుల ముచ్చట ఎక్కువవుతుంది. ఇవన్నీ కనిపెట్టి "ఏమైంది?" అని అడిగారంటే మీ శ్రమంతా వృథా. భూపాలపల్లిలో సింగరేణి వాళ్ల కేటీకే బొగ్గుగనుల్లో రాత్రి షిఫ్టు దిగి, ఆకలితో, అలసటతో, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వచ్చేవాడికి సరిగ్గా గుమ్మంలోనే అప్పుల ముచ్చట ఎత్తండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట: ఈ నాలుగింటినీ కనిపెట్టుకుని ఉండమని తాగుడు మానినవాళ్లకు ప్రపంచమంతా నేర్పుతారు. నాలుగూ ఒకే పూట కుదిరితే మీకు పండగే.

డబ్బు చేతిలో పడే రోజును వదలకండి. సింగరేణి లాభాల వాటా దసరా ముందర వస్తుంది. 2024లో, పెట్టుబడులకు తీసిపెట్టగా మిగిలిన లాభాల్లో 33 శాతం కార్మికులకు పంచారు. మహబూబాబాద్ మిర్చి డబ్బు, జనగామ పత్తి డబ్బు కూడా ఇట్లాంటివే. డబ్బంతా వాడి జేబులోనే ఉండనిచ్చి, వైన్స్ ముందు నుంచే నడిపించండి. భార్య పేరున బ్యాంకులో వేద్దామని వాడే అడిగితే, "మగోనివి, ఆడిదాని చేతికి పైసలిస్తవా?" అని నవ్వండి.

ఇక దావత్. తాగాలనే తలపు ఉప్పెనలా లేచినా, సాధారణంగా పావుగంట, అరగంటలో దానంతటదే దిగిపోతుంది. ఆ అరగంట బయటికి నడిచిపోతే, ఎవరికైనా ఫోన్ చేస్తే, కడుపునిండా తింటే గండం గడిచినట్టే. కాబట్టి ఆ అరగంట వాణ్ని కుర్చీలోంచి లేవనీయకండి. "బావా, అక్కకు గంత భయమా?" అన్న ఒక్కమాట చాలా పనిచేస్తుంది. దినాల నాడైతే, "పెద్దమనిషి ఆత్మ శాంతిస్తది, గింతంత ముట్టు" అనండి. మేడారం జాతరకు పోయేటప్పుడు, తల్లులకు సాక పోసిన చెంబు చూపించి, మిగిలింది మందు కాదు ప్రసాదమని చెప్పండి. తల్లులు వద్దంటే వినని మనిషి లేడు గానీ, వాళ్ల పేరు చెప్పి తాగించే మనుషులు మాత్రం మనలో చాలామంది ఉన్నారు.

"కల్లు మందు కాదు, చెట్టుపాలు" అనే వాదన కూడా మంచిదే. తాటిచెట్టు నుంచి దిగిన కల్లులోనూ మత్తు ఉంటుందనీ, కల్తీకల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుస్తాయనీ ఎవరైనా అంటే గౌడన్నను అవమానించారని గొడవ పెట్టండి. నిజానికి చెట్టెక్కే గౌడన్నకు ఆ పొడులతో పనిలేదు. 2015లో కల్తీకల్లు మీద దాడులు జరిగి, ఒక్కసారిగా కల్లు ఆగిపోతే వణుకుతో, ఫిట్స్‌తో, పొంతనలేని మాటలతో ఎంతోమంది ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చేరారు. ఆ పాఠం కూడా తలకిందులుగా నేర్చుకోండి: ఏళ్ల తరబడి తాగినవాణ్ని డాక్టరుకు చూపకుండా గదిలో వేసి గొళ్లెం పెట్టండి. రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి రావచ్చు. బతికి బయటపడితే ఆ భయానికే మళ్లీ తాగుతాడు.

అయ్యప్ప మాల వేసుకున్నవాడికి ఆ 41 రోజులు దండం పెట్టండి. వాడికి నిద్ర పడుతోంది, ఇంట్లో అన్నం అందరూ కలిసి తింటున్నారు, చుట్టూ తాగని మనుషులున్నారు, పొద్దున్నే లేచి చేయాల్సిన పని ఉంది. ఇవే వాణ్ని నిలబెట్టాయని ఎవరూ గుర్తించకుండా చూడండి. మాల తీసిన రాత్రికే చికెన్, క్వార్టర్ సిద్ధం చేయండి.

ఇంటి ఆడవాళ్లకు ఒక చిట్కా. మందు మాన్పించే మాత్ర డైసల్ఫిరాం పొడి చేసి, వాడికి తెలియకుండా పప్పులో కలపండి. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. అందుకే డాక్టర్లు రోగికి చెప్పి, ఒప్పించి మాత్రమే ఇస్తారు. మీకు అంత ఓపిక ఎందుకు? నాలుకకు తెలియని మందు మీద వాడికి నమ్మకం పోతుంది. ఆపైన వండిన చేతి మీద కూడా.

అన్నిటికన్నా పదునైన ఆయుధం చివరికి పెట్టాను. ఎప్పుడో ఒకనాడు వాడు ఒక్క పెగ్గు తాగుతాడు. అది జారడమే, ఇంకా పడిపోవడం కాదు. అలన్ మార్లాట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1985 నాటి పుస్తకంలో దీన్నే వివరించాడు: ఒట్టు ఎట్లాగూ తప్పింది కదా అనుకున్నవాడే సీసా ఖాళీ చేస్తాడు. కాబట్టి ఆ ఒక్క పెగ్గుకే పంచాయితీ పెట్టండి. పిల్లల ముందు నిలబెట్టండి. "నువ్వు మారవు" అని నలుగురితో అనిపించండి. ఆ రాత్రి పక్కన కూర్చుని, ఎక్కడ తాగావు, ఎవరు పిలిచారు, తాగే ముందు మనసులో ఏముంది అని మెల్లగా అడిగితే, వాడు మర్నాడు మళ్లీ మానేసే ప్రమాదం ఉంది. నెలలు మానినవాడి ఒళ్లు పాత మోతాదును తట్టుకోదన్న సంగతి కూడా చెప్పకండి.

గుడుంబా కాచడం మానినవాళ్లకు తెలంగాణ సర్కారు 2 లక్షల రూపాయల పునరావాసం ఇచ్చింది. తాగడం మానినవాడికి ఊరు ఇచ్చేది ఎగతాళి ఒక్కటే. దాన్ని కొనసాగించండి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో సర్కారు వైద్య కళాశాలలు వచ్చాయి గానీ, అక్కడ మానసిక వైద్యుడి గది ఎక్కడని అడిగినవాడికి "పిచ్చోడు" అని పేరు పెట్టండి.

ఇంకొక్కటి. ఈ రెండు నంబర్లు మీ గోడ మీద ఎవరూ రాయకుండా కాపలా కాయండి: 14446, మత్తు మాన్పించేందుకు జాతీయ హెల్ప్‌లైన్. 14416, టెలిమానస్, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. రెండింటికీ పైసా ఖర్చు లేదు.